గాలివానకి మేడ మీద రేకుల షెడ్డు ఎగిరిపోయింది: వైజాగ్‌లో నమ్మకమైన మేస్త్రీని పట్టుకోవడం ఎలా?

మర్రిపాలెం మేడ | మే 26, రాత్రి 9:12

నమస్కారం అండి. నేను బెంగళూరులో ఉంటాను. అమ్మానాన్నలు మర్రిపాలెంలో సొంత ఇంట్లో ఉంటారు. మొన్న శనివారం సాయంత్రం ఈదురుగాలికి మేడ మీది రేకుల షెడ్డు లేచిపోయింది. గాలి పట్టుమని పావుగంట కూడా వీయలేదట. 20 అడుగులు బై 30 అడుగుల షెడ్డు. ఇరవై రేకుల్లో పదకొండు పోయాయి. రెండు పక్కింటి వాటర్ ట్యాంకు మీద పడి మూత, పైపులు విరగ్గొట్టాయి. ఒకటి వీధి కరెంటు తీగల మీద వేలాడుతోంది. మనుషులకి ఏమీ కాలేదు, అదే పదివేలు. మిగిలిన రేకులు గాలి తగిలినప్పుడల్లా టపటపా కొట్టుకుంటున్నాయి, నాన్నకి రాత్రిళ్లు నిద్ర లేదు.

ఆదివారం ఒక్క రోజే ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. మొదటివాడు మా వీధివాడే, 1,05,000 అన్నాడు. రెండో ఆయన 1,62,000. మూడో ఆయన 1,38,000 గానీ 70 శాతం అడ్వాన్స్ కావాలంటున్నాడు. నాన్న మొదటివాడికి ఇచ్చేద్దాం అంటున్నారు, "తెలిసినవాడు, రేపు ఏమన్నా అయితే ఇంటికెళ్లి అడగొచ్చు" అని. నాకు ఫోన్లో ఏమీ అర్థం కావట్లేదు. మృగశిర రాకముందే పని అయిపోవాలి. ఎవరిని నమ్మాలి, ఎలా తేల్చుకోవాలి?

గోపాలపట్నం గౌరి | మే 26, రాత్రి 9:30

తమ్ముడూ, మేస్త్రీ సంగతి తర్వాత. తీగల మీద ఉన్న రేకుని ఎవరూ ముట్టుకోకూడదు. కర్రతో లాగుదాం అని ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా బయల్దేరతాడు, ఆపండి. 1912కి ఫోన్ చేస్తే కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్లు లైన్ ఆపి తీస్తారు. రెండోది, నాన్నగారిని మేడ ఎక్కనివ్వొద్దు. కొట్టుకుంటున్న రేకుల్ని ఒక మనిషిని పెట్టి విప్పించి, కింద పేర్చి, మీద ఇసుక బస్తాలు వేయించండి. అవి మళ్లీ ఎగిరితే ఈసారి ట్యాంకు మీదే పడతాయని రాసిపెట్టి లేదు.

విప్పే ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు, వీడియో తీయించండి. ఎందుకో కింద ఎవరో ఒకరు చెబుతారు.

బీచ్‌రోడ్ బాబాయ్ | మే 26, రాత్రి 10:05

నమ్మకమైన మేస్త్రీయా! 2014లో హుద్‌హుద్ తుపాను అయ్యాక మా అపార్ట్‌మెంట్‌కి వచ్చినవాళ్లలో సగం మంది అంతకు ముందు నెల వరకూ పెయింటర్లు. గాలి తగ్గిన మూడో రోజుకి ఊళ్లో అందరూ రేకుల మేస్త్రీలే. రేకు ధర, కూలి ధర, కొవ్వొత్తి ధర అన్నీ కలిసే లేచాయి. ఓపిక ఉంటే రెండు వారాలు పరదా కట్టుకుని కూర్చోండి. తొందరపడినవాడికే దెబ్బ.

మర్రిపాలెం మేడ | మే 26, రాత్రి 10:20

బాబాయ్ గారూ, షెడ్డు కింద అమ్మ వాషింగ్ మెషిన్, నాన్న పుస్తకాల బీరువాలు, ఇన్వర్టర్ ఉన్నాయి. రెండు వారాలు ఆగితే వాన ఆగదు కదండీ.

రిటైర్డ్ ఏఈ | మే 27, ఉదయం 6:15

బాబూ, ముగ్గురు ముగ్గురూ రేటు చెప్పారన్నారు. ఒక్కరైనా షెడ్డు ఎందుకు ఎగిరిందో చెప్పారా? నా దృష్టిలో అసలు పరీక్ష అదే.

రేకు బరువుకి షెడ్డు కూలడం అరుదు. గాలి దాన్ని కింద నుంచి తోసి, పై నుంచి లాగుతుంది. లెక్క చూడండి. గాలి ఒత్తిడి అంటే వేగం వర్గాన్ని 0.6తో గుణించడమే. వేగం సెకనుకి మీటర్లలో వేసుకుంటే ఒత్తిడి చదరపు మీటరుకి న్యూటన్లలో వస్తుంది. గంటకి 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి 20 మీటర్లు. ఒత్తిడి 240 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకి 24 కిలోల బరువు మోపినంత. మీ పదడుగుల రేకు మూడు చదరపు మీటర్ల పైమాటే. దాన్ని పైకి లాగే బలం దాదాపు 75 కిలోలు. పల్చటి రేకు బరువు పది కిలోలు కూడా ఉండదు. మిగతాదంతా స్క్రూలు పట్టుకోవాలి.

ఇక తుపాను మాట. గాలి లెక్కలకి మేము ఇంజనీర్లం చూసే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి సెకనుకి 50 మీటర్లు వేసుకోమని ఉంది. గంటకి 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు దాదాపు ఆ వేగమే వచ్చింది. వేగం రెండున్నర రెట్లు అయితే బలం ఆరు రెట్లు దాటుతుంది. ఒక్కో రేకు మీద అర టన్ను, మీ షెడ్డు మొత్తం మీద ఎనిమిది టన్నుల పైచిలుకు. అంచుల్లో, మూలల్లో ఇంకా ఎక్కువ. ఇది మోటు లెక్కే, కానీ 1,05,000కి చేస్తానన్నవాడికీ 1,62,000 అన్నవాడికీ తేడా ఎక్కడ ఉండాలో దీన్నిబట్టి తెలుస్తుంది. రేకు రంగులో కాదు, పట్టులో.

మీ నాన్నగారిని మేడ ఎక్కకుండానే, కింద పడ్డ రేకుల్ని చూసి ఫోన్లో ఫొటో పంపమనండి. స్క్రూలు రేకుల కింది ఇనుప పైపులోనే ఉండిపోయి, వాటి చుట్టూ రేకు చిరిగి ఊడిందంటే రేకు పల్చన, లేదా స్క్రూలు తక్కువ. స్క్రూలు రేకుతో పాటే ఊడి వచ్చాయంటే కింది పైపు పల్చన, లేదా తుప్పు. పైపుతో సహా ఎగిరిందంటే తప్పు వెల్డింగ్‌ది. స్తంభంతో సహా వంగి లేచిందంటే పునాదిది. ఈ నాలుగింటిలో మీది ఏది?

మర్రిపాలెం మేడ | మే 27, ఉదయం 8:48

మేష్టారూ, ఫొటోలు వచ్చాయి. ఆరు రేకులు పైపుతో సహా పోయాయి! పైపు చివర చూస్తే వెల్డింగ్ ఒక్క వైపే చిన్న చుక్కలా ఉంది, మిగతా మూడు వైపులా ఏమీ లేదు. ఐదు రేకులకి స్క్రూల దగ్గర చిరుగు. పదేళ్ల కిందట వేయించిన షెడ్డు ఇది.

1,05,000 ఆయన "పాత పైపులు బంగారంలా ఉన్నాయి, వాటి మీదే కొత్త రేకులు కొట్టేద్దాం" అన్నాడు. ఇప్పుడు అర్థమవుతోంది రేటు ఎందుకు తక్కువో.

ఆటోనగర్ ఫ్యాబ్ | మే 27, మధ్యాహ్నం 1:40

నేను గాజువాకలో ఇదే పని చేస్తాను. ఇక్కడ పని అడగడానికి రాలేదు, జూన్ నెలాఖరు దాకా నాకు ఊపిరాడదు. కాబట్టి నిజం చెప్పడానికి ఇబ్బంది లేదు.

ఆ ఒక్క చుక్కని మేము టాకా అంటాం. పైపు కదలకుండా నిలబెట్టుకోవడానికి పెట్టేది. తర్వాత నాలుగు వైపులా ఫుల్ వెల్డింగ్ కొట్టాలి. సాయంత్రం అయిపోయింది, రేపు కొడతాం అంటారు. రేపు రేకులు ఎక్కేస్తాయి, ఇంక కనపడదు. పైన రెడ్ ఆక్సైడ్, అదే తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు, పూసేస్తే ఓనరుకి అంతా ఒకటే. అందుకే రేకులు ఎక్కించే ముందు ఒక పూట పని ఆపించి, ప్రతి జాయింటూ ఫొటో పంపమనండి. పంపనని సణిగాడంటే మీకు జవాబు దొరికినట్టే.

దొంగలెక్క ఎక్కువ జరిగేది మందంలో. కొటేషన్‌లో 0.50 మిల్లీమీటర్లు అని రాసి 0.35 రేకు తెస్తారు. కంటితో చూస్తే మాకే తెలియదు. మంచి రేకు మీద కంపెనీ పేరు, మందం, కోటింగ్ ముద్ర వేసి ఉంటుంది, అది చదవండి. దానికంటే సులువు, కాటా పెట్టండి. పదడుగుల 0.50 రేకు 13, 14 కిలోలు తూగాలి. పది కిలోల దగ్గర ఆగిపోయిందంటే అది 0.35. పైపులు కూడా అంతే. స్తంభాలకి 14 గేజ్, అంటే 2 మిల్లీమీటర్లు. 16 గేజ్ అంటే 1.6. కొటేషన్‌లో "హెవీ పైపు" అని రాస్తే ఒప్పుకోవద్దు. హెవీ అంటే ఎవడి హెవీ వాడిది.

స్క్రూలు రేకు మెట్ట మీద కొట్టాలి, పల్లంలో కొడితే నీళ్లు నిలిచే చోట బొక్క పెట్టినట్టే. రబ్బరు వాషరు కాస్త ఉబ్బేదాకా బిగిస్తే చాలు. మా కుర్రాళ్లు డ్రిల్లుతో నలిపేసేలా బిగిస్తారు, ఏడాదికి పగిలి కారుతుంది. అంచు పైపుల మీద ప్రతి మెట్టకీ ఒక స్క్రూ, మధ్య పైపుల మీద మెట్ట విడిచి మెట్ట. రేకుకి మూడు స్క్రూలు కొట్టి దిగిపోయేవాళ్లని నేను చాలామందిని చూశాను.

పెందుర్తి పద్మ | మే 27, మధ్యాహ్నం 3:22

70 శాతం అడ్వాన్స్ అన్నాడు చూశారా, అక్కడితో ఆ మాట కట్. మాకు జరిగింది చెబుతాను. రెండేళ్ల కిందట ఇలాంటి గాలికే వంటగది మీది రేకులు పోయాయి. మర్నాడు ఉదయమే ఆటోలో నలుగురు వచ్చారు. "పక్క వీధిలో మా పని నడుస్తోందమ్మా, మిగిలిన రేకులు ఉన్నాయి, మీకు తక్కువలో వేసేస్తాం" అన్నారు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. నేను 40,000 నగదు ఇచ్చాను. కాగితం లేదు. వాళ్లు టేపు పెట్టి కొలుచుకున్నారు, నిచ్చెన కూడా మా ఇంట్లోనే వదిలేసి వెళ్లారు, అందుకే నమ్మాను. సాయంత్రానికి ఫోన్ స్విచాఫ్. పక్క వీధిలో అడిగితే అసలు ఏ పనీ జరగట్లేదు.

నిచ్చెన ఇప్పటికీ ఉంది మా పెరట్లో. 40,000 రూపాయల వెదురు నిచ్చెన.

బీచ్‌రోడ్ బాబాయ్ | మే 27, మధ్యాహ్నం 3:40

పద్మ గారూ, బాధగా ఉంది గానీ నిచ్చెన దగ్గర నవ్వు ఆగలేదు, క్షమించండి. పోలీసు కంప్లయింట్ ఇచ్చారా?

పెందుర్తి పద్మ | మే 27, మధ్యాహ్నం 3:51

ఇచ్చాం. పేరు తెలియదు, ఆటో నంబరు చూడలేదు. ఏమని పట్టుకుంటారు?

ఆటోనగర్ ఫ్యాబ్ | మే 27, సాయంత్రం 6:10

పద్మ గారికి జరిగింది ఘోరం. కానీ అడ్వాన్సే తప్పు అనకండి. మాకు పైపుల షాపువాడు అప్పు ఇవ్వడు, రేకులు కొలత ప్రకారం కోయించాలంటే ముందే డబ్బు కట్టాలి. కోసిన రేకు వెనక్కి తీసుకోరు. ఓనరు మధ్యలో మనసు మార్చుకుంటే ఆ సరుకు నా నెత్తినే. నాకూ అలా రెండుసార్లు అయింది. ఒకాయన గృహప్రవేశం అయ్యాక 22,000 ఇవ్వకుండా ఇప్పటికీ తిప్పుతున్నాడు, బజారులో కనపడితే ఫోన్ చెవికి పెట్టేసుకుంటాడు. 20, 30 శాతం అడగడం న్యాయం. 70 న్యాయం కాదు, అది ఒప్పుకుంటాను.

సీతమ్మధార శ్రీను | మే 27, రాత్రి 8:05

మధ్యే మార్గం ఉంది గురూ. సరుకు మనమే కొనాలి, మేస్త్రీకి లేబర్ కాంట్రాక్ట్ ఇవ్వాలి. రేకుల డీలర్‌కి మన పేరు మీద జీఎస్టీ బిల్లుతో డబ్బు నేరుగా పంపేస్తే మేస్త్రీ చేతికి అడ్వాన్స్ అక్కర్లేదు. మా తమ్ముడి షెడ్డు అలాగే కట్టించాం.

ఆటోనగర్ ఫ్యాబ్ | మే 27, రాత్రి 8:31

చేయొచ్చు. కానీ రేపు కారితే మేస్త్రీ "మీ రేకు బాగోలేదు" అంటాడు, డీలర్ "బిగింపు బాగోలేదు" అంటాడు. మధ్యలో మీరు బకెట్ పట్టుకుని నిలబడాలి. పైగా బెంగళూరులో కూర్చుని ఎన్ని స్క్రూలు, ఎన్ని కిలోల పైపు అని ఎవరు లెక్కగడతారు? ఆ పెద్దాయనా?

మర్రిపాలెం మేడ | మే 27, రాత్రి 8:50

నాన్నకి 71. లెక్కల మాస్టారుగా రిటైర్ అయ్యారు. లెక్కగడతారు, మేస్త్రీ పారిపోతాడు.

బీమా సర్వేయర్ | మే 27, రాత్రి 9:15

ఇంటికి ఇన్సూరెన్స్ ఉందేమో ముందు చూసుకోండి. చాలామందికి ఉన్న సంగతే తెలియదు, హోమ్ లోన్‌తో పాటు బ్యాంకు కట్టించి ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష అనే పాలసీ ఇస్తున్నాయి. తుపాను, గాలివాన, వరద దానిలో ఉంటాయి. మేడ మీది షెడ్డు ఆ పాలసీలో రాయించిన ఇంటి లెక్కలోకి వస్తుందా అన్నది కాగితం చూసి తేల్చుకోవాలి.

క్లెయిమ్ వేసేవాళ్లు నష్టం చూడటానికి బీమా కంపెనీ సర్వేయర్ వచ్చేదాకా విరిగిన సరుకు పారేయకూడదు, అమ్మేయకూడదు. గౌరి గారు ఫొటోలు అన్నది అందుకే. వాన నుంచి కాపాడటానికి పరదా కప్పుకోవచ్చు, దాని బిల్లు దాచుకోండి. ఇంకొకటి. "ఇన్సూరెన్స్‌కి బిల్లు రెండింతలు రాసిస్తా, తలా సగం" అని ఏ కాంట్రాక్టరైనా అంటే వాడికి పని ఇవ్వకండి. కంపెనీని మోసం చేయడానికి మీతో చేయి కలిపేవాడు మిమ్మల్ని మోసం చేయడానికి ఎవరితో చేయి కలుపుతాడో తెలియదు.

మర్రిపాలెం మేడ | మే 27, రాత్రి 9:40

లోన్ 2019లోనే తీరిపోయింది, దాంతో పాటే పాలసీ కూడా పోయిందని ఇవాళ తెలిసింది. సరే. ఈ ఏడు కొత్తది తీసుకుంటాం.

పక్కింటి ట్యాంకు సంగతి ఎవరైనా చెప్పండి. అది మేము కట్టాలా?

గోపాలపట్నం గౌరి | మే 27, రాత్రి 9:52

చట్టం ఏమంటుందో ఎందుకు తమ్ముడూ, కట్టేయండి. మూత, నాలుగు పైపులు, ప్లంబర్ కూలి. మీరు బెంగళూరులో ఉంటే రాత్రి పూట నాన్నగారికి గుండెల్లో నొప్పి వస్తే మొదట వచ్చేది ఆ పక్కింటివాళ్లే.

భీమిలి గాలి | మే 28, ఉదయం 7:30

మాది భీమిలిలో సముద్రానికి అర కిలోమీటరు. మర్రిపాలెం కాస్త లోపల కాబట్టి మీకు ఇంత ఉండదు గానీ, ఉప్పుగాలి మాట ఎవరూ ఎత్తలేదు. మాకు రేకులు బాగానే ఉన్నాయి, స్క్రూ తలలు రెండేళ్లకే తుప్పు కారాయి. రేకు మీద ఎర్రటి చారలు, ఒక్కో స్క్రూ చేత్తో లాగితే వచ్చేసింది. వందల రూపాయల రేకుకి నాసిరకం స్క్రూ కొట్టారు. రేకు కోటింగ్ గురించి కూడా అడగండి. అల్యూమినియం, జింకు కలిపిన పూత చదరపు మీటరుకి 150 గ్రాములు ఉన్న రకం ఉంటుంది, దాన్ని ఏజెడ్ 150 అంటారు. అందులో సగం కూడా లేని రకాలూ అదే రంగులో, అదే మెరుపుతో దొరుకుతాయి. తీరంలో ఆ రెండోది వద్దు.

గ్రైండర్‌తో రేకు కోయనివ్వకండి. నిప్పురవ్వలు పడ్డ చోటల్లా పూత కాలి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. మా మేడ మీద చికెన్‌పాక్స్ వచ్చినట్టు ఉంటుంది.

రిటైర్డ్ ఏఈ | మే 28, ఉదయం 9:05

స్తంభాల గురించి ఒక మాట మిగిలిపోయింది. ఎనిమిది టన్నులు అన్నాను కదా. మీకు ఎనిమిది స్తంభాలు ఉంటే ఒక్కోటి టన్ను బరువుని పట్టి ఉంచాలి, అదీ పైకి లాగే బలాన్ని. పిట్టగోడ ఇటుకల్లో నాటిన స్తంభం దాన్ని ఆపలేదు, గోడతో సహా లేస్తుంది. కింద ఇంటి పిల్లరో బీమో ఉన్న చోటే స్తంభం నిలవాలి. బేస్ ప్లేటు, నాలుగు యాంకర్ బోల్టులు, చుట్టూ కాంక్రీటు దిమ్మ. బోల్టులు పైన వేసిన సున్నపు పొరలోనో టైల్స్‌లోనో కాకుండా అసలు కాంక్రీటులోకి దిగాలి. పై అంతస్తు కోసం వదిలిన పిల్లరు చువ్వలు ఉంటే వాటికి కలపొచ్చు, కానీ సుత్తితో కొట్టి చూసి, తుప్పు పొరలుగా రాలితే వదిలేయండి.

ఈ ముక్క మేస్త్రీని అడగండి. "స్తంభాలు ఎక్కడ నిలబెడతావు?" అని. ఇంటి పిల్లర్లు ఎక్కడున్నాయో కిందికి వెళ్లి చూసి వచ్చి చెప్పినవాడు పనివాడు.

మర్రిపాలెం మేడ | మే 29, రాత్రి 10:30

నిన్నా ఇవాళా ముగ్గురితోనూ మాట్లాడాను. ఒకటే ప్రశ్న, షెడ్డు ఎందుకు ఎగిరింది అని.

మా వీధివాడు: "గాలి బాబూ! గాలికేటి చెప్తాం? హుద్‌హుద్‌కి ఎయిర్‌పోర్టు కప్పే ఎగిరిపోనాది, మన షెడ్డెంత?" నిజం చెప్పొద్దూ, ఆ క్షణానికి నాకే సమంజసంగా అనిపించింది. నాన్న అయితే తల ఊపేశారు.

1,38,000 ఆయన ఫోన్లోనే రేకుల రంగుల కేటలాగ్ పంపాడు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ రంగుల గురించే చెప్పాడు.

1,62,000 ఆయన మళ్లీ మేడ ఎక్కి ఇరవై నిమిషాలు ఉన్నాడట. దిగి "మాస్టారూ, ఎవరు చేశారో గానీ టాకాల మీద వదిలేశారు. మిగిలిన పైపులు కూడా నాకు వద్దు. పడమర వైపు స్తంభాలు రెండు పిట్టగోడలో ఉన్నాయి, అవి లోపలికి జరపాలి, షెడ్డు రెండడుగులు తగ్గుతుంది, మీకు ఇష్టమేనా" అన్నాడు. నాన్నకి ఆ రెండడుగులు తగ్గడం ఇష్టం లేదు. నాకు మాత్రం ఆ మాటతోనే నమ్మకం కుదిరింది. తగ్గుతుంది అని ముందే చెప్పేవాడు కదా!

ఎవరికి చేశావు అని అడిగితే రెండు చోట్లు చెప్పాడు, కంచరపాలెంలో ఒకటి, ఎన్ఏడీ దగ్గర ఒకటి. మా బావ బండి వేసుకుని వెళ్లి చూసి వచ్చాడు. ఎన్ఏడీ దగ్గర షెడ్డుకి ఆరేళ్లు. ఆ ఇంటావిడ "పని మంచిదే గానీ మనిషి చెప్పిన రోజుకి రాడు" అందట.

రిటైర్డ్ ఏఈ | మే 30, ఉదయం 6:02

ఎయిర్‌పోర్టు కప్పు పోయిన మాట నిజమే. సముద్రం పక్కన బతుకుతున్నవాడు ఆ ముక్కని గట్టిగా బిగించడానికి చెప్పాలి గానీ, చేతులు దులుపుకోవడానికి కాదు.

కాగితం రాయించండి. స్టాంపు పేపరు అక్కర్లేదు, వాట్సాప్‌లో ఆయన ఒప్పుకున్నా సరే.

సీతమ్మధార శ్రీను | మే 30, ఉదయం 8:20

కాగితంలో పాత స్క్రాప్ ఎవరిదో కూడా రాయండి బాస్. పాత పైపులు, రేకులు కిలోల లెక్కన బాగానే పలుకుతాయి. చివరి రోజు ఆటోలో వేసుకుని పోతారు, అడిగితే "అది మామూలేనండి" అంటారు.

మర్రిపాలెం మేడ | మే 30, రాత్రి 9:00

ఇది నాన్న రాసి, మేస్త్రీ చేత వాట్సాప్‌లో "సరే" అనిపించినది. ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"రేకు 0.50 మందం, ఏజెడ్ 150 పూత, ముద్ర ఉన్నది. స్తంభాలు 14 గేజ్, 8 సంఖ్య, అన్నీ ఇంటి పిల్లరు లేదా బీము మీదే. పైపు ప్రతి జాయింటు నాలుగు వైపులా ఫుల్ వెల్డింగ్, రెడ్ ఆక్సైడ్ పూయక ముందు ఫొటో. రేకులు గ్రైండరుతో కోయరాదు. స్క్రూలు అంచున ప్రతి మెట్టకు. జీఎస్టీ బిల్లులు యజమాని పేరున. పాత సామాను యజమానిది. మొత్తం 1,58,000. మొదలు 20 శాతం, సరుకు మేడ మీదకు చేరి తూకం వేశాక 40, పని పూర్తయ్యాక 30, ఒక గట్టి వాన చూశాక 10. ఎత్తులో పనిచేసే కుర్రాళ్లకు తాడు, బెల్టు మేస్త్రీ బాధ్యత."

నాలుగు వేలు తగ్గించింది అమ్మ. ఎలాగో నాకు తెలియదు.

పెందుర్తి పద్మ | మే 30, రాత్రి 9:18

ఇలాంటి కాగితం ఒకటి నా దగ్గర ఉంటే 1915కి ఫోన్ చేసినప్పుడు చెప్పుకోవడానికి ఏదైనా ఉండేది. వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. కాగితం, బిల్లు, డబ్బు పంపిన ఆధారం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. రెండేళ్ల లోపు వేయాలి. నా దగ్గర ఉన్న ఆధారం నిచ్చెన ఒక్కటే.

మర్రిపాలెం మేడ | జూన్ 9, రాత్రి 10:15

ఆలస్యానికి క్షమించండి, సెలవు పెట్టి వైజాగ్ వచ్చాను. పని పూర్తయింది. చెప్పిన రోజుకి మూడు రోజులు ఆలస్యంగా మొదలైంది, ఆ ఇంటావిడ అబద్ధం చెప్పలేదు.

నాన్న పాత పేపర్ల అబ్బాయిని పిలిచి అతని కాటా మీద రేకు తూయించారు. పదిన్నర అడుగుల రేకు 14 కిలోల 200 గ్రాములు. 21 అడుగుల ఒకే రేకు వేద్దామని మొదట అనుకున్నాం గానీ, మా వీధి తీగల మధ్య నుంచి అంత పొడవు పైకి లాగడం ప్రమాదం అన్నాడు మేస్త్రీ. రెండు ముక్కలు, ఆరంగుళాలు ఒకదాని మీద ఒకటి.

పైపుల దగ్గర మాత్రం తేడా వచ్చింది. ఎనిమిది స్తంభాల్లో రెండు 16 గేజ్ వచ్చాయి. నాన్న అంచు కొలిచి పట్టుకున్నారు. మేస్త్రీ "షాపువాడు కలిపేశాడు మాస్టారూ" అన్నాడు. షాపువాడు కలిపాడో, ఈయన కలిపించాడో దేవుడికి తెలియాలి. మారుమాట లేకుండా అరగంటలో వెనక్కి పంపి మార్చాడు. అందుకని నేను ఇంకేమీ అనలేదు. నాన్న మాత్రం సాయంత్రం దాకా అంటూనే ఉన్నారు.

ఆటోనగర్ ఫ్యాబ్ | జూన్ 9, రాత్రి 10:40

షాపుల్లో కలవడం నిజంగానే జరుగుతుంది. కలిసిందని మేము గమనించకుండా ఉండటం మాత్రం జరగదు.

మర్రిపాలెం మేడ | జూన్ 17, ఉదయం 7:10

నిన్న రాత్రి గంటన్నర కుండపోత. ఒక్క చోట కారింది, ఉత్తరం మూల ఒక స్క్రూ దగ్గర. ఫోన్ చేస్తే ఉదయం ఆరున్నరకే వచ్చాడు. వాషరు వంకరగా పడింది, మార్చాడు. చివరి పది శాతం అక్కడే ఇచ్చేశాం. టీ తాగి, పక్కింటివాళ్ల ట్యాంకు పైపు కూడా ఊరికే బిగించి వెళ్లాడు.

సీతమ్మధార శ్రీను | జూన్ 17, ఉదయం 7:45

మేస్త్రీ నంబరు నాకు ప్రైవేటుగా పంపు గురూ. అది సరే, పాత రేకులు ఎంతకి అమ్మారు?

మర్రిపాలెం మేడ | జూన్ 17, ఉదయం 8:02

అమ్మలేదు. "పనికొస్తాయి" అని నాన్న తొమ్మిదీ పెరట్లో పేర్పించారు. పైన మూడు ఇసుక బస్తాలు. అమ్మ రోజూ అరుస్తోంది.